పారిజాతం ఉంగరం చేయించాలంటే

ప్రశ్న: మా నిశ్చితార్థానికి ఇంకా మూడు నెలల టైముంది. నాకు కాబోయే భార్యకు పారిజాతాలంటే ప్రాణం, వాళ్ల వాకిట్లో చెట్టే ఉంది. ఆ పువ్వునే ఉంగరంగా చేయించి ఇద్దామనుకుంటున్నాను. తెల్ల రేకులకు ముత్యపు చిప్ప, నడిమి నారింజ రంగుకు పగడం అని నా ఆలోచన. తను పళ్ల డాక్టరు, రోజంతా గ్లౌజులతోనే పని. మా అమ్మ 22 క్యారెట్లకు తగ్గితే అది బంగారమే కాదంటోంది. నానమ్మ తన 6 గ్రాముల ఉంగరం ఇచ్చి దీన్నే కరిగించమంటోంది. మా ఊరి ఆచారి గారు చేత్తో చేస్తానంటున్నారు, షాపులో కంప్యూటర్ డిజైన్ అంటున్నారు. అసలు పువ్వునే అచ్చుగా పెట్టి బంగారం పోయొచ్చని ఒకరు చెప్పారు. పెళ్లికి దానికి జత ఉంగరం, నాకొకటి కూడా కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: ముందు పగడాన్నీ ముత్యపు చిప్పనూ పక్కన పెట్టేయండి. మీరు ఎంచుకున్న రంగులు బాగున్నాయి, ఆ రంగుల కోసం పట్టుకున్న వస్తువులే తప్పు. రెండూ సున్నపు జాతివే. రాయి గీతను ఎంత తట్టుకుంటుందో మోస్ అంకెతో చెబుతారు. పగడానికి అది 3 నుంచి 4, ముత్యానికీ దాని చిప్పకీ దాదాపు అంతే. మన ఇంటి దుమ్ములో ఉండే ఇసుక రేణువుకు 7. అంటే దుమ్ము పడ్డ బల్లను చెయ్యి రాసుకుంటూ పోయిన ప్రతిసారీ రాయి కొంచెం కొంచెం గీసుకుపోతుంది. పైగా నిమ్మరసం, చింతపండు లాంటి పులుపు తగిలితే పైపొర కరిగి మెరుపు పోతుంది. పగడం ఉంగరాలు ఎంతమంది పెట్టుకోవడం లేదూ అనొచ్చు. కొన్నేళ్లు వాడిన పగడాన్ని ఎండలో దగ్గరగా చూస్తే సంగతి మీకే తెలుస్తుంది.

నారింజ రంగులో రోజువారీ వాడకానికి నిలిచేది సఫైరే. దాని గట్టిదనం 9. నీలం, పుష్యరాగం ఏ జాతివో ఇదీ ఆ జాతిదే, రంగొక్కటే వేరు. వేడిచేసి రంగు తేల్చిన సఫైర్ మార్కెట్లో మామూలే, అందులో మోసమేమీ లేదు. బెరీలియం ఎక్కించి నారింజ తెప్పించినవి మాత్రం వేరే లెక్క, వాటి ధర చాలా తక్కువ ఉండాలి. అందుకే రాయికి ల్యాబ్ రిపోర్టు అడగండి. ‘ట్రీట్‌మెంట్’ అన్న చోట ఏం రాసుందో చూశాకే డబ్బు మాట్లాడండి. ల్యాబ్‌లో పెంచిన నారింజ సఫైర్ కూడా దొరుకుతుంది. గట్టిదనం అదే, ఖర్చు బాగా తక్కువ. ఇక గోమేధికం రంగు పారిజాతం కాడకు దగ్గరే, కానీ అది రాహువు రాయి. జాతకం చూపించకుండా పెడితే ఇంట్లో పెద్దవాళ్లతో పేచీ ఖాయం. స్పెసర్టైన్ అనే నారింజ గార్నెట్ అందంగా ఉంటుంది, గట్టిదనం 7 నుంచి 7.5. దుమ్ముకు అంచులో నిలుస్తుంది, అంతే.

5 మి.మీ. గుండ్రటి సఫైర్ తీసుకోండి. బరువు సుమారు 0.6 క్యారెట్ ఉంటుంది. పువ్వు సైజుకు అంతకంటే పెద్దది నప్పదు.

ఇప్పుడు పువ్వు సంగతి. ప్రకృతిని చూసి గీసిన ఉంగరాలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే: ఫొటో చూపించి ‘అచ్చం ఇలాగే’ అంటారు. పారిజాతం పువ్వు దాదాపు వేలి వెడల్పంత ఉంటుంది. దాన్ని 8.5 మి.మీ.కు కుదిస్తే రేకు మందం కూడా ఆ లెక్కన కుదించాలి. బంగారం మాత్రం కుదరదంటుంది. 0.8 మి.మీ. కన్నా పల్చబడిన రేకు మొదటిసారి తలుపు గడియకు తగిలిన రోజే వంగుతుంది. మందం ఉంచేస్తేనేమో పువ్వు లావెక్కి చేమంతి బిళ్లలా కనబడుతుంది. కాబట్టి బొమ్మను వదిలేసి పారిజాతానికి మాత్రమే ఉన్న లక్షణాలు రెండుమూడు ఏరుకోండి. ఉంగరంలో వాటికి ఏదో ఒక పని కూడా ఉండేలా చూసుకోండి.

ఈ విషయంలో మీ చెట్టు ఉదారమైనది. దాని రేకులు నిటారుగా విచ్చుకోవు. గాలిమర రెక్కల్లా ఒకే వైపు మెలి తిరిగి ఉంటాయి. పువ్వు పారిజాతమని దూరం నుంచి చెప్పేది ఆ మెలికే. ప్రతి రేకునూ ఒక అంచు పైకి, ఇంకో అంచు కిందికి 15 డిగ్రీలు వాల్చమనండి. వాల్చిన రేకు మీద వెలుగు ఒక పక్కే పడుతుంది కాబట్టి మందం ఉన్నా పల్చగా అనిపిస్తుంది. రేకులు ఎన్ని? పారిజాతానికి 5 నుంచి 8 దాకా ఉంటాయి, మీరు ఆరు వేయించండి. ఆరైతే ఉంగరం కమ్మీ, అంటే వేలి చుట్టూ ఉండే కడ్డీ, రెండు వైపులా రెండేసి రేకుల సందులోకి సమంగా వచ్చి అతుక్కుంటుంది. ఐదైతే ఒక వైపు సందు, ఇంకో వైపు రేకు వచ్చి అతుకు వికారంగా తేలుతుంది.

రేకు కొసలో ఉండే చిన్న నొక్కు అందమే, కానీ దారాలు చిక్కుకునేది కూడా అక్కడే. 0.3 మి.మీ. లోతుకు మించకుండా, మూలలు గుండ్రంగా తీయించండి. కొసలు పైకి లేవకూడదు, కిందికి ఒదగాలి. రేకు పొడవులో చాలా భాగం కింద ఆధారానికి అంటుకుని ఉండాలి, విడిగా గాల్లో నిలిచే కొస 1.5 మి.మీ. దాటకూడదు. రేకు మధ్యలో 1.2 మి.మీ. మందం, అంచులో 0.8 చాలు. డిజైన్‌లో మాత్రం వీటికి 0.15 మి.మీ. కలిపి గీయించండి, ఎందుకంటే పోత పోశాక ఆకురాయి, మెరుగు కలిసి సుమారుగా అంత తినేస్తాయి. ఈనెలు గీయించాలనుకుంటే 0.3 మి.మీ. లోతన్నా ఉండాలి. స్క్రీన్ మీద ముచ్చటగా కనిపించిన సన్న ఈనెలు మెరుగు పెట్టాక మాయమయ్యాయని వాపోయేవాళ్లు చాలామంది.

ఇక కొమ్మ. పారిజాతం లేత కొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూడండి, గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఉంగరం కమ్మీని కూడా అలాగే నాలుగు పలకలుగా, అంచులు మొద్దుచేసి చేయించండి. తల బరువున్న ఉంగరం వేలి చుట్టూ తిరిగిపోతూ ఉంటుంది. అరచేతి వైపు కొంచెం పలకగా ఉంటే ఆ తిరుగుడు చాలా తగ్గుతుంది. వెడల్పు 2.2, మందం 1.7 మి.మీ. ఉంచండి. ఆకులు ఎదురెదురుగా వస్తాయి, చేత్తో తడిమితే గరుకుగా ఉంటాయి. పువ్వుకు అటొకటి ఇటొకటి చిన్న ఆకులు చాలు. వాటికి మెరుపు లేని శాటిన్ ఫినిష్ ఇప్పిస్తే నున్నటి రేకుల పక్కన తేడా బాగా తెలుస్తుంది. కమ్మీ చుట్టూ తీగ అల్లించాలని సరదా పుడుతుంది, వద్దు. అరచేతి వైపు మూడో వంతు ఖాళీగా, నున్నగా ఉండాలి. రేపు సైజు మార్చాలంటే కోసి అతకాల్సింది అక్కడే, హాల్‌మార్క్ గుర్తులు పడేదీ అక్కడే.

రేకుల తెలుపుకు 18 క్యారెట్ల వైట్ గోల్డ్ వాడండి. తెల్లగా మెరవడానికి దాని మీద వేసే రోడియం పూత ఒకటి రెండేళ్లలో అంచుల దగ్గర అరిగి కాస్త పసుపు తేలుతుంది, మళ్లీ పూయించుకోవచ్చు. నికెల్ కలిపిన వైట్ గోల్డ్ కొందరికి దురద తెస్తుంది. పెల్లాడియం కలిపినది కావాలని ముందే చెప్పండి. కమ్మీ, ఆకులు పసుపు బంగారంలో. రాయి చుట్టూ కట్టే గోడ, అంటే బెజెల్, రోజ్ గోల్డ్‌లో ఉంటే నారింజ ఇంకా ముదురుగా కనిపిస్తుంది. తెల్లటి గోడ మధ్య అదే రాయి పాలిపోయినట్టుంటుంది. మూడు రంగులూ 18 క్యారెట్లే కావాలి, అతుకుపెట్టే టంకం కూడా. లేకపోతే హాల్‌మార్కింగ్ పరీక్షలో నిలవదు. రేకు కొసలనే వంచి రాయిని పట్టించే డిజైన్లు చూపిస్తారు, ఒప్పుకోకండి. రాయి మీదికి వంగేంత మెత్తగా ఉన్న రేకు దెబ్బకూ అలాగే వంగుతుంది. బెజెల్ గోడ 0.5 మి.మీ. మందం, రాయి అడుగున తెరిచి ఉండాలి. అడుగు మూసేస్తే వెలుతురు రాదు, చేరిన సబ్బు బయటికి పోదు.

అసలు పువ్వునే పోత పోయడం గురించి. పద్ధతి నిజమే: వస్తువును ప్లాస్టర్ లాంటి ముద్దలో పాతి, కొలిమిలో 700 డిగ్రీల పైకి వేడిచేస్తే అది కాలిపోయి ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోకి బంగారం పోస్తారు. పారిజాతం రేకు దీనికి పనికిరాదు. అంత సన్నటి సందులోకి బంగారం పూర్తిగా పారకముందే గడ్డకడుతుంది, రేకు సగంలో ఆగిపోతుంది. వెనకాల మైనం పూసి మందం చేస్తే మళ్లీ పువ్వు పోలికే పోతుంది. చెట్టుకు ఎండిన కాయ మాత్రం బాగా పోతకు వస్తుంది. బిళ్లలా చదునుగా, చెక్కలా గట్టిగా ఉంటుంది కదా. దాని బూడిద కొంత లోపల మిగిలి గుంటలు పడతాయి, కాయ మీద అవి కనబడవు. ఉంగరానికి అది పెద్దదవుతుంది, వెండిలో పోయిస్తే మంచి లాకెట్.

ఆచారి గారా, కంప్యూటరా? రెండూ. ఆరు రేకులకు ఒకే వాలు, ఒకే కొలత రావాలంటే కంప్యూటర్ గీసిన డిజైనే మేలు. ఆ డిజైన్‌ను మైనంలోనో రెజిన్‌లోనో ప్రింట్ తీసి పోత పోస్తారు. ఆకుల గరుకు, రాయి బిగింపు, అంచులు తడిమి తడిమి రాయడం, ఇవి చెయ్యి తిరిగిన ఆచారి చేతిలోనే బాగుంటాయి. నక్షీ పని తెలిసినాయన అయితే ఆకు ఈనెలు ఉలితోనే చెక్కగలరు, అచ్చులో వచ్చిన ఈనెకు ఆ పదును రాదు. డిజైన్‌ను స్క్రీన్ మీద చూసి సరే అనకండి, అక్కడ ఉంగరం పళ్లెమంత కనిపిస్తుంది. అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీయించి వేలి మీద పెట్టి చూడండి. తర్వాత వెండిలో ఒకటి పోయించి ఆమెను వారం రోజులు పెట్టుకోమనండి. సర్‌ప్రైజ్ పోతుంది, నిజమే. కానీ జుట్టులో ఎక్కడ చిక్కుకుంటుందో, చున్నీని ఎక్కడ లాగుతుందో బంగారం పోయకముందే తేలుతుంది.

మైనం దశలో ఒక లెక్క మీరే వేసుకోవచ్చు. మైనం మోడల్ బరువును 15.5తో గుణిస్తే 18 క్యారెట్ల ఉంగరం బరువు వస్తుంది. మీ డిజైన్‌కు మైనం దాదాపు 0.26 గ్రాములు తూగాలి, అంటే 4 గ్రాముల ఉంగరం. 0.4 తూగితే ఎక్కడో అనవసరంగా లావు పెంచారన్నమాట. రెజిన్ బరువు వేరు కాబట్టి దానికి ఈ లెక్క సరిపోదు.

అమ్మగారి మాట. పాత నగలన్నీ 22 క్యారెట్లే కదా, రాళ్లు నిలవలేదా అని ఆవిడ అడుగుతారు. నిలిచాయి, ఎందుకంటే ఆ రాళ్లను చుట్టూ దట్టమైన బంగారం గోడలు కట్టి మూసి బిగించారు, నగలను పండక్కో పెళ్లికో తీసి పెట్టుకున్నారు. ఇక్కడ 0.5 మి.మీ. గోడ, రోజూ వాడకం. 22 క్యారెట్లు మెత్తన, గోడ తెరుచుకుని రాయి కదులుతుంది. విలువ లెక్కలో చూసినా, 4 గ్రాముల 18 క్యారెట్ల ఉంగరంలో 3 గ్రాముల మేలిమి ఉంటుంది. అదే ఉంగరం 22లో అయితే సుమారు 4.6 గ్రాములు తూగి 4.2 గ్రాముల మేలిమి ఉంటుంది. తేడా 1.2 గ్రాములు. ఆవిడ మనసు నొప్పించకుండా ఆ బంగారాన్ని ఎక్కడ పెట్టాలో కింద చెబుతాం.

నానమ్మగారి ఉంగరం కరిగించే ముందు పరీక్ష చేయించండి. పాత ఉంగరాల్లో టంకం ఎక్కువుంటే 22 అనుకున్నది తక్కువ తేలుతుంది. నిజంగా 916, అంటే 22 క్యారెట్లే, అయితే 6 గ్రాముల్లో 5.5 గ్రాముల మేలిమి. దాన్ని 18 క్యారెట్లకు దించితే 7.3 గ్రాములు అవుతుంది. నిశ్చితార్థం ఉంగరం పసుపు భాగానికీ పెళ్లి ఉంగరానికీ కలిపి అది సరిపోతుంది. అలాగే కరిగించి పోసేయకుండా ముందు శుద్ధి చేయించండి. పాత టంకం కలిసిన బంగారం పోతలో పెళుసుబారి పగుళ్లిస్తుంది. ఇంకో విషయం, పోత కేంద్రాల్లో చాలామంది బంగారం ఒకే మూసలో కలిపి కరిగిస్తారు. నానమ్మ బంగారమే ఆ వేలికి రావాలంటే ‘విడిగా కరిగించాలి’ అని ఆర్డరు కాగితం మీద రాయించండి. పోత కాడల కోసం, అంటే అచ్చులోకి బంగారం పారే దారుల్లో గడ్డకట్టి మిగిలే ముక్కల కోసం, కొంత బంగారం అదనంగా అడుగుతారు. పని అయ్యాక అది తూకం వేసి తిరిగి ఇవ్వాలి.

గ్లౌజుల విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. ఎంత చదునుగా చేసినా, రోగి నోట్లో చెయ్యి పెట్టే పనిలో రాయి ఉంగరం ఉండకపోవడమే మంచిది. గ్లౌజు చిరుగుతుంది, కడిగినా రేకుల కింద తడి నిలుస్తుంది. కాబట్టి ఈ ఉంగరం క్లినిక్ బయటిదని ముందే అనుకోండి. తీసినప్పుడు జేబులో వేసుకోకుండా మెడలో గొలుసుకు తగిలించుకునే ఏర్పాటు చూడండి, చేతులు కడిగే సింకు దగ్గర పోయే ఉంగరాలకు లెక్కలేదు.

దీనివల్ల జత ఉంగరం డిజైన్ కూడా మారుతుంది. పువ్వు వంపుకు సరిపోయేలా వంకర తిప్పిన జత ఉంగరం ఒంటరిగా పెట్టుకుంటే వింతగా ఉంటుంది. ఆమె చాలా రోజులు ఆ ఒక్కటే పెట్టుకుంటుంది కనుక నిటారుగా, రాయి లేకుండా, 2 మి.మీ. వెడల్పు, 1.6 మందంతో చేయించండి. ఆ ఉంగరం పువ్వు కిందికి దూరేలా రేకుల అడుగు వేలి పైనుంచి 2 మి.మీ. ఎత్తులో ఉండాలి, రాయితో కలిపి మొత్తం ఎత్తు 5.5 దాటకూడదు. రెండూ ఇప్పుడే కలిపి గీయించండి, రెండోది తర్వాత చేయించినా ఫరవాలేదు. రెండూ 18 క్యారెట్లే. 22 క్యారెట్ల ఉంగరాన్ని 18 పక్కన పెడితే గట్టిది మెత్తదాన్ని రాచి తినేస్తుంది.

మీ ఉంగరానికి పువ్వు వద్దు, కాయ తీసుకోండి. పారిజాతం కాయలో రెండు అరలు, అరకొక గింజ. 5 మి.మీ. వెడల్పు కమ్మీ మీద చదునైన బిళ్ల, నడుమ ఒక గాడి, అంతే. చూసినవాళ్లకు మామూలు ఉంగరం, మీ ఇద్దరికే అర్థం తెలుస్తుంది. బరువు 8 గ్రాముల దాకా వస్తుంది.

అమ్మగారి 22 క్యారెట్లకు చోటు ఇదిగో. పెళ్లయ్యాక బిందెలో ఉంగరం తీసే వేడుక ఉంటుంది కదా. పసుపు నీళ్లలో రేకుల ఉంగరం వేసి ఇద్దరూ గోళ్లతో లాక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. దానికోసం రాయీ రప్పా లేని 22 క్యారెట్ల ఉంగరం ఆవిడ చేతనే చేయించండి, కోడలు కుడి చేతికి పెట్టుకుంటుంది. నలుగు, పసుపు, గోరింటాకు పనుల్లోనూ పారిజాతం డబ్బాలోనే ఉండాలి. కొబ్బరినూనెతో కలిసిన పసుపు రేకుల అడుగున గట్టిపడితే మామూలు తుడుపుకు రాదు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో పావుగంట నానబెట్టి పిల్లల బ్రష్‌తో వెనక వైపు నుంచి తోమాలి.

సైజు కోసం ఆమె అదే వేలికి పెట్టుకునే ఉంగరం లోపలి అడ్డకొలత తీయండి. మన సైజు లెక్క తేలిక: లోపలి చుట్టుకొలత మి.మీ.లలో ఎంతో, దాంట్లోంచి 40 తీసేస్తే సైజు. 16.5 మి.మీ. అడ్డకొలతకు చుట్టుకొలత 52, సైజు 12. వేళ్లు పొద్దున కన్నా సాయంత్రం, చలికన్నా ఎండలో ఉబ్బుతాయి, సాయంత్రం కొలతే తీసుకోండి. రెండు ఉంగరాలు కలిపి పెడితే బిగుతవుతుంది కాబట్టి అర సైజు ఎక్కువ ఉంచండి.

టైము చాలుతుంది, ఆలస్యం చేయకపోతే. డిజైన్‌కు, మార్పులకు రెండు వారాలు, వెండి నమూనాకు రెండు, పోత, అతుకులు, రాయి, మెరుగులకు మూడు, హాల్‌మార్కింగ్‌కు ఇంకో నాలుగు రోజులు. చివరి పదిహేను రోజులు ఏదైనా తేడా వస్తే సరిచేయడానికి ఖాళీగా ఉంచుకోండి.

బిల్లులో బంగారం నికర బరువు, తరుగు, మజూరీ, రాయి ధర విడివిడిగా రాయించండి. 0.6 క్యారెట్ రాయి 0.12 గ్రాములు, అది బంగారం బరువులో కలిసిపోతే గ్రాము ధరలో ఎనిమిదో వంతు మీకు నష్టం. తరుగు శాతంలో అడుగుతుంటే పోత కాడల బంగారం ఎవరికి పోతోందో అడగండి.

తీసుకునే రోజు ఉంగరాన్ని మెచ్చుకునే ముందు పొడి దూది ఉండతో అన్ని వైపులా రుద్దండి. ఒక్క పోగు చిక్కినా ఆ చోటు ఆకురాయితో సరిచేయాలి, అక్కడే కూర్చుని చేయించుకోండి. చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి, రాయి టికటికమంటే బిగింపు చాలలేదు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఏ షాపులోనైనా ఉంటుంది, దానితో రేకు కమ్మీని కలిసే చోట సూది మొనంత రంధ్రాలున్నాయేమో వెతకండి. మందం పల్చదనం కలిసే చోటే పోతలో గాలి బుడగలు మిగులుతాయి, అక్కడే రేపు విరుగుతుంది. లోపలి వైపు బీఐఎస్ గుర్తు, 18 క్యారెట్లని చెప్పే 750 అంకె, ఆ నగకు మాత్రమే ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉండాలి. ఆ హెచ్‌యూఐడీని ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. వస్తువు ‘ఉంగరం’ అనీ స్వచ్ఛత 18 క్యారెట్లనీ వస్తేనే మిగతా డబ్బు కట్టండి. లోపల పేర్లు చెక్కించాలనుకుంటే ఆ గుర్తులు పడ్డాకే చెక్కించండి, ముందే చెక్కిస్తే ముద్రకు చోటుండదు.